సముద్రతీరమున చుట్టఱికము



ఫాల్గుణము వచ్చినది. పిల్లల పరీక్షలు ముగియకముందే వేసవి సెలవుల ప్రసంగము మన ఇండ్లలో మొదలగును. ఈ యేడు మా ఇంటికి వచ్చువారందఱు నాతో ఒక్క మాటయే అనుచున్నారు: "మీకేమమ్మా! మారిషస్‌లో చుట్టములున్నారు. బసకు ఖర్చు లేదు, భోజనమునకు ఖర్చు లేదు, విమానపు టిక్కెట్టు కొన్న చాలును." కడచిన సంవత్సరము మే నెలలో మావారును, నేనును, పిల్లలిద్దఱును, మా ఆడుబిడ్డయు ఆ దీవిలో ఇరువది దినములుండి వచ్చితిమి. అది మొదలు తామును పోవుదుమనియు, తమ రాకను తెలుపుచు ఒక జాబు వ్రాసిపెట్టుమనియు అడుగువారు ఎక్కువైరి. ఒక్కొక్కరికి వేఱుగా చెప్పుటకంటె ఈ పుటలో చెప్పుట మేలని తలంచితిని. ఇక్కడ మారిషస్ మాట చెప్పుచున్నను, సింగపూరులోనో మఱియొక తీరముననో తమవారున్న సోదరీమణులకును ఇందలి కొన్ని సంగతులు చెల్లును.

మొదట దీవిని గుఱించి. అది హిందూమహాసముద్రమున, మడగాస్కరునకు తూర్పున ఉన్నది. పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. ముంబయినుండి విమానము ఆఱు గంటలు. దిగిన పిమ్మట గడియారమును గంటన్నర వెనుకకు త్రిప్పుకొనవలెను. భూమధ్యరేఖకు దక్షిణమున ఇరువది డిగ్రీల మేర నుండుటచే అక్కడి ఋతువులు మనకు తలక్రిందులు. మనకు రోహిణీకార్తె ఎండలు మాడ్చుచుండగా వారికి చలికాలము వచ్చుచుండును. మనము మే నెలలో మామిడిపండ్లు తినుచుండగా వారి మామిడిచెట్లు ఊరక నిలిచియుండును. వారికి ఆ పండు మార్గశిర పుష్యమాసములది. సంక్రాంతి వారికి నడివేసవిలో వచ్చును. నా తోడికోడలు వడియములను ఇంటికి ఉత్తరపు ప్రక్కన ఎండబెట్టుట చూచి కారణమడిగితిని. "ఇక్కడ ఎండ అటే కదా, అక్కా" అన్నది. నిజమే, ఆ మాసములలో మధ్యాహ్నసూర్యుడు అక్కడ ఉత్తరపుదిక్కున నడచును. దక్షిణపుగోడ దినమంతయు నీడలో నుండును.

సముద్రము మాట చెప్పెదను. విశాఖపట్టణమున పుట్టిపెరిగినదానను, అలలన్న నాకు భక్తియు ఉన్నది, భయమును ఉన్నది. అక్కడ దీవిచుట్టును పగడపుదిబ్బ కోటగోడవలె అమరియున్నది. అలలన్నియు దూరమున ఆ గోడకు తగిలి తెల్లగా విఱిగిపోవును. లోపలి నీరు చెఱువునీటివలె నిలుకడగా, అడుగున ఇసుక కనబడునంత తేటగా ఉండును. అందుచేత పిల్లలను ధైర్యముగా దింపవచ్చును. దక్షిణమున సుయాక్ అను ఊరి దాపున గ్రిగ్రి అనుచోట మాత్రము ఆ దిబ్బ లేదు. అక్కడి కెరటములు కొండచఱియను కొట్టుచుండును. చూచి రావలసినదే కాని నీట దిగరాదు. మన సెలవులు వచ్చు కాలమున ఆగ్నేయపుగాలి బలముగా వీచును గనుక తూర్పుతీరము చలిగాలితో నుండును, పడమటితీరము వెచ్చగా నుండును. నీటి అడుగున ముండ్లకాయలవంటి జంతువులును, రాతిని బోలిన విషపుచేపయు ఉండునట. కాళ్ళకు రబ్బరుచెప్పులు లేనిదే పిల్లలను దింపకుడు. తీరమును గుఱించి ఇంత చాలును. తక్కినదంతయు ఛాయాచిత్రములలో మీరు చూచియే యుందురు.

ఇక చుట్టఱికము. మా అత్తవారి వంశమున ఐదు తరముల వెనుక అన్నదమ్ములిద్దఱుండిరి. అన్నగారు ఊరనుండిరి, తమ్ముడు ఓడ ఎక్కెను. 1835లో ఆ దీవిలో బానిసత్వము రద్దయిన పిమ్మట చెఱకుతోటలకు కూలీలు చాలక, దొరలు మన దేశమునుండి మనుష్యులను ఒప్పందముమీద తీసికొనిపోయిరి. 1834 మొదలు 1920 వఱకు ఇంచుమించు ఐదు లక్షలమంది ఆ విధముగా అక్కడ దిగిరి. ఐదేండ్ల ఒప్పందము, మగవానికి నెలకు ఐదు రూపాయలు, ఒకనాడు పనికి రానిచో రెండునాళ్ళ కూలి కోసివేయుదురు. మనవారు కోరంగి రేవునుండియు, పిదప చెన్నపట్టణమునుండియు పోయిరి. అందుచేతనే ఆ దీవిలో తెలుగువారికి కోరంగీలను పేరు చాలకాలము నిలిచినది. మా తమ్ముడుగారు పోయినది 1884లో. ఆయన బ్రదుకు మాట ఇక్కడివారెవరును మఱల వినలేదు.

వినినది 1990లో. ఆ యేడు మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగినవి. మా మామగారు తెలుగు పండితులు. పొదుపుచేసికొనిన సొమ్ముతో వెళ్ళిరి. అక్కడ ఒక వృద్ధుడు మన దేశమునుండి వచ్చిన ప్రతివారికడకును పోయి, తన ఇంటిపేరు చెప్పి, "ఈ పేరువారు మీకు తెలియునా?" అని అడుగుచుండెనట. అక్కడి కాగితములలో తాతల పేళ్ళే ఇంటిపేళ్ళయి కూర్చున్నవి. అసలు ఇంటిపేరు ఏ రిజిస్టరులోను లేదు. ఆయన దానిని పెండ్లిండ్లలో గోత్రముతోబాటు చెప్పుకొనుటచేత మాత్రమే మఱువలేదు. మా మామగారు విని, "ఆ ఇంటిపేరు నాదే" అనిరి. ఇద్దఱును అక్కడనే కూర్చుండి ఏడ్చిరని మామగారు తాము పోవువఱకు చెప్పుచుండిరి. ఆ వృద్ధుడు ఇప్పుడు లేడు. ఆయన భార్య, మాకు మామ్మగారి వరుస, ఎనుబదియైదేండ్ల ముత్తవ్వ, ఉన్నది. ఆమె మనుమని భార్యయే నేను తోడికోడలని చెప్పుచున్న పిల్ల.

ఆ పిల్లనుగుఱించి కొంచెము వివరముగా వ్రాసెదను. ఎందుకనగా "ఖర్చు లేదు" అనువారు ఆమెను చూడలేదు.

ఆమె పడమటితీరమున ఒక హోటలులో, పరుపుల దుప్పట్లును తువ్వాళ్ళును ఉతికి ఇస్త్రీచేయు విభాగమున పని చేయుచున్నది. వారమునకు ఆఱుదినములు పని; ఆదివారము సెలవన్న నియమము లేదు. ఇల్లు సముద్రమునకు రెండు మైళ్ళ దూరమున చెఱకుతోటల నడుమ నున్నది. "సముద్రము ఇంటిముందర" అనుట మనవారి కల్పన. మేము పోవుదుమని వ్రాసిన పిమ్మట ఆమె సంవత్సరపు సెలవులలో పండ్రెండు దినములను మాకొఱకు దాచియుంచినది. పిల్లలకు జ్వరము వచ్చిననాడును వాడుకొనక దాచినదని మామ్మగారు నాకు రహస్యముగా చెప్పిరి. ఆ దీవిలో వరి పండించుట స్వల్పము. బియ్యము, పప్పు, గోధుమపిండి మొదలగు తిండిసరకులలో ఎక్కువభాగము ఓడలలో రావలసినదే. ఐదుగురు మనుష్యులు ఇరువదినాళ్ళు రెండుపూటల అన్నము తినిన ఆ ఇంటి పద్దు ఏమగునో గృహిణులకు నేను చెప్పవలెనా? అతిథి యనగా ఒక రాత్రి మాత్రము నిలుచువాడని మా తండ్రిగారు నాకు స్మృతి చదివించుచు చెప్పిరి. ఇరువది రాత్రులుండువారికి స్మృతికర్తలు ఏ పేరును పెట్టలేదు.

మూడవనాటినుండి నేను పద్ధతి మార్చితిని. ఉదయమున సంతకు నేను పోయెడిదానను. అక్కడి కూరగాయల పేళ్ళు వినుట ఒక వేడుక. వారు ఇంట మాటలాడునది క్రియోలు, అది ఫ్రెంచివంటిది. కాని బీరకాయను పిపంగాయి అందురు, పొట్లకాయను పటోల్ అందురు, మునగాకును బ్రేద్ మురుమ్ అందురు. మన దక్షిణాది కూలీల బుట్టలలోనుండి జాఱిపడిన మాటలని వినగానే తెలియును. సంతలో ఉప్పుడుబియ్యము, కందిపప్పు, చింతపండు దొరకును. వంట పంచుకొంటిమి, ఒకపూట ఆమె, ఒకపూట నేను. ఆమె శనగపప్పు రుబ్బి కారము వేసి చేయు గుండ్రని వడలను గాతో పిమా అందురు. మసాలవడ కాదా అనిన కాదనలేము. కాని మొగము వేఱు. వానిని రొట్టెలో పెట్టుకొని తినుట మావారికి నచ్చినంతగా నాకు నచ్చలేదు. మెత్తని పూరీలో శనగపప్పుపొడి కూరి కాల్చెడు ధోల్‌పూరి మాత్రము మన ఓలిగకు కారపుచెల్లెలు, నేర్చుకొని వచ్చితిని.

మొదటివారమున మా ఆడుబిడ్డ ప్రతిదినము సముద్రమునకు పోవలెనని కోరినది. నా తోడికోడలు ఎదురుచెప్పలేదు, వెంట వచ్చినది. వచ్చి సరుగుడుచెట్టుక్రింద వీపు సముద్రమువైపు పెట్టి కూర్చున్నది. "నీవు చూడవా?" అనిన, "పనిలోనుండి రోజూ చూచుచునే యుందును. తువ్వాళ్ళనుండి ఇసుక దులుపునప్పుడు" అన్నది. ఆమె నవ్వుచునే అన్నది. కాని మనము విహారమని పోవుచోటు మనవారికి కొలువుచోటు కావచ్చునని నాకు అంతవఱకు తట్టలేదు. పరదేశపు విహారస్థలములందలి బంధువుల ఇంటికి పోవు మనలో ఎందఱికి తట్టునో!

ఆదివారమొకటి ఆమెకు సెలవు కలిసినది. ఆనాడు ఆమె మేము కోరకయే సముద్రమునకు పోదమన్నది. అదియు తన పద్ధతిని. తెల్లవారకముందే పెద్ద డేగిసాలో బిర్యానీ వండి, చాపలు, దుప్పట్లు, మామ్మగారికి కుర్చీ, పిల్లలకు పాత టైరుగొట్టములు బస్సులో వేసికొని, బంధువులు ముప్పదిమంది ఫ్లిక్ ఆన్ ఫ్లాక్ అను తీరమునకు కదలితిమి. ఆ దేశమున ఆదివారము అందఱును చేయుపని అదియే. సరుగుడుతోపునందు ఇంటింటివారును వంటపాత్రలతో దిగుదురు. హోటళ్ళు ఎన్ని లేచినను ఇసుక అందఱిది. మధ్యాహ్నము కాగానే ఎవరో రవాన్ అను పలుచని డప్పును మంటకు కాచి వాయించిరి. అది సెగా అను ఆటకు వాద్యము. ఆఫ్రికానుండి తెచ్చిన బానిసలు కల్పించుకొనినది. 2014లో యునెస్కోవారు దానిని మానవజాతి వారసత్వములలో చేర్చిరి. నా తోడికోడలు చీరకొంగు దోపుకొని ఆడినది. పాదములు ఇసుకనుండి ఎత్తక, జరుపుచు ఆడుట ఆ ఆటలోని విశేషము. పిమ్మట కట్టుచీరతోనే నీట దిగి, మెడవఱకు మునిగి, గంటసేపు అట్లే నిలిచినది. ఆనాడు ఆమె మొగము సముద్రమువైపే యుండెను.

మా ఆడుబిడ్డకు అందలి ఆటపాటలు నచ్చలేదు. "తెలుగు సరిగా రాదు, సెగా ఆడుచున్నారు, వీరేమి తెలుగువారు?" అని రాత్రి నాతో అన్నది. నేను ఆమెను మఱుసటి శనివారము మామ్మగారి కొట్టుగదిలోనికి తీసికొనిపోతిని. నడుమ దీపస్తంభము నిలిపి, చుట్టును స్త్రీపురుషులు తిరుగుచు రామభజనము చేసిరి. పాటలన్నియు తెలుగువే. కొన్ని మాటల అర్థము పాడువారికి తెలియదు. కొన్నిటి ఉచ్చారణము నూటనలువదియేండ్ల క్రిందటిదని మావారన్నారు. సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు ఇప్పటికిని చేయుదురు. ఉగాది ఆ దేశమంతటికిని సెలవుదినము. పాఠశాలలలో కోరినవారికి తెలుగు చెప్పుదురు. నా తోడికోడలు అక్షరములు కూడబలుకుకొని చదువగలదు. మన పట్టణములలో ఎన్ని ఇండ్ల పిల్లలు అంతమాత్రము చదువగలరో ఆడుబిడ్డకు నేను చెప్పనక్కఱలేకపోయినది; మా పిల్లవాడు ఆ భజన పుస్తకమును తలక్రిందులుగా పట్టుకొని ఆమె ప్రక్కనే కూర్చుండెను.

మామ్మగారికి మమ్ము ఏమియు అడుగవలెనని లేదనుకొంటిమి. బయలుదేరుటకు నాలుగుదినములముందు ఆమె ఒక రేకుపెట్టెను తెప్పించి, అందుండి ఒక కాగితము తీసిరి. మోకా అను ఊరనున్న మహాత్మాగాంధీ సంస్థలో ఆనాటి వలసరిజిస్టరులు భద్రముగా ఉన్నవి. వారసులు అడిగినచో తమ పూర్వుని పుటకు నకలు ఇత్తురు. ఆ నకలే అది. సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, ఎత్తు అడుగులు అంగుళములు, కుడిచెంపపై మచ్చ, జిల్లా, ఊరు. జిల్లా విశాఖపట్టణమని తెలియుచున్నది. ఊరిపేరును ఒక గుమాస్తా చెవికి తోచినట్లు ఇంగ్లీషులో వ్రాసెను. దానిని మూడుతరములవారు ఫ్రెంచిపద్ధతిని చదివిరి. మామ్మగారు పలికిన ఊరు భూమిమీద లేదు. మావారు ఆమెచేత నాలుగుసారులు పలికించి, కన్నులు మూసికొని విని, మా ఊరిపేరు చెప్పిరి. ఆమె దానిని మెల్లగా నోట పలికి చూచుకొనిరి. పలికి, "మీ ఇంటిలో వంశపు పుస్తకమున్నదని మీ మామగారు చెప్పినారు. అందులో మావారి తాత పేరు క్రింద మా పేళ్ళు వ్రాయింతురా?" అని అడిగిరి. ఇరువదినాళ్ళ భోజనమునకు ఆమె కోరిన వెల అది యొక్కటియే. అదియు వెలగా కోరలేదు.

నన్నయగారి శకుంతలకు ఉంగరము లేదు. దుష్యంతుడు ఎఱుగనన్నప్పుడు ఆకాశవాణి సాక్ష్యము పలికినది. మా మామ్మగారికి ఆకాశవాణి లేదు. రిజిస్టరు సంఖ్య ఒక్కటి ఉన్నది. అయినను మేము ఇంటికి వచ్చి అడుగగా మా పెద్దలు ఎఱుగమనిరి.

వంశపుపుస్తకము మా పెదమామగారివద్ద ఉన్నది. ఆయన మొదట, "సముద్రము దాటినవారు ఎవరెవరిని చేసికొనిరో" అనిరి. ఆయన కుమారుడు పదునెనిమిదేండ్లుగా అమెరికాలో నున్నాడు. ఆ సముద్రము ఈ సముద్రము కాదు కాబోలు. పిమ్మట అసలు సంగతి బయటపడినది. 2024 మార్చిలో మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ముగారు మారిషస్ వెళ్ళినప్పుడు, అక్కడి భారతసంతతివారికి ఏడవతరమువఱకు విదేశీ భారతపౌరుల కార్డు ఇత్తురని ప్రకటించిరి. అది పత్రికలో చదివిన మావారు కొందఱు, "పేరు వ్రాసితిమా, రేపు కార్డు చూపి పొలములో వాటా అడుగుదురు" అని జంకిరి. ఆ కార్డు గలవారు మన దేశమున వ్యవసాయభూమి కొనుటకైనను వీలులేదని మావారు చెప్పిచూచిరి. అంతకంటె పెద్దసంగతి మఱియొకటి కలదు: ఆ పొలమును మా తాతగారి కాలముననే అమ్మివేసిరి. లేని పొలమునకు వాటాదారులు వత్తురని భయము!

వీరిలోనే ఇద్దఱు ఈ వేసవికి మారిషస్ పోవుటకు నన్ను జాబు వ్రాయుమని అడిగినవారు. హోటలు ఖర్చు తప్పవలసినప్పుడు ఐదు తరములు కూతవేటు దూరము. పుస్తకములో నాలుగు పేళ్ళు చేర్చవలసినప్పుడు అవే ఐదు తరములు ఏడు సముద్రముల అవతల. వారికి నేను జాబు వ్రాయలేదు. వ్రాయనని మొగముననే చెప్పితిని. దానికి కొన్ని ఇండ్ల పేరంటపు పిలుపులు తప్పినవి, తప్పనిండు.

పోదలచినవారికి కొన్ని మాటలు. పండ్రెండు దినములకు మించకుడు. అందులో సగము వేఱు బసలో నుండుట సాధ్యమైనచో మఱింత మేలు. బంధువులకు సెలవు ఎన్నడో ముందే అడిగి, దానిని బట్టి టిక్కెట్టు కొనుడు. పచ్చికాయలు, పండ్లు, మొక్కలు, విత్తనములు ముందుగా అనుమతి లేనిదే తీసికొనిపోరాదు. చెఱకుతోటలకు చీడ సోకునని అక్కడివారికి భయము. కఱివేపాకు రెమ్మకూడ వలదు; వారి పెరళ్ళలో దట్టముగా ఉన్నది. నూనెలో బాగుగా మాగిన ఆవకాయ, కందిపొడి, పసుపుకుంకుమలు పనికివచ్చును. సుంకపువారు అడిగినచో దాచక చూపుడు. పెద్దబాలశిక్ష రెండు ప్రతులు తీసికొనిపొండు. నేను ఒకటే తీసికొనిపోగా దానికై పిల్లలు తగవులాడిరి. పోర్టులూయీ రేవున ఆప్రవాసీఘాట్ అను స్థలమున్నది. కూలీలు ఓడ దిగి ఎక్కిన రాతిమెట్లు అందున్నవి. 2006లో అది ప్రపంచవారసత్వస్థలమైనది. మన సెలవుల చివరిభాగమున పోయినచో దారిపొడవున చెఱకు వెండివలె పూచియుండును. ఆ మెట్లను చూచుటకు బంధువులను వెంట పిలువుడు. నా తోడికోడలు ఆ ఊరికి ఎన్నిమారులో పోయినది కాని మాతో వచ్చిననాడే మొదటిసారి వానిని ఎక్కినది.

మా మామగారు స్వహస్తముతో వ్రాసికొనిన వంశపుపుస్తకపు నకలు మా ఇంట ఉన్నది. అందు తమ్ముడుగారి పేరు ప్రక్కన "ఓడ ఎక్కెను" అని మాత్రము ఉండెను. దానిక్రింద ఇరువదిమూడు పేళ్ళు నేను వ్రాసితిని, స్త్రీల పేళ్ళతో సహా. పెద్దపుస్తకము ఇంకను పెదమామగారి బీరువాలోనే ఉన్నది.

రాబోవు అక్షయతృతీయకు సింహాచలమున చందనోత్సవము చూచుటకై మామ్మగారు మనుమనితోను మనుమరాలివంటి ఆ కోడలితోను వచ్చుచున్నారు. మాకు రెండే గదులు. ఒకదానిని ఖాళీ చేయించితిని. కోడలికి ఈసారి హోటలువారు పదునాలుగు దినములు సెలవిచ్చిరట. ఆ పదునాలుగునాళ్ళును ఆమె చేత తువ్వాలు పట్టనీయను. ఒక్కటే చింత. ఆ యొక్కనాడే స్వామి నిజరూపము కనబడును గనుక వరుసలు మిక్కిలి పొడవుగా ఉండును. మామ్మగారు పావుగంట నిలువలేరు. పెద్దవయసు తల్లులను ఆనాడు దర్శనమునకు తీసికొనిపోయిన సోదరీమణులు, ఏ వేళకు పోవలెనో, ఎవరిని అడుగవలెనో, కూర్చుండుటకు చోటెక్కడ దొరకునో తెలిసియున్నచో ఈ పత్రిక చిరునామాకు నా పేర రెండు పంక్తులు వ్రాయవేడెదను.